గుప్పెడు గుగ్గిళ్లు

మా వీధి చివర ఒక వదిన ఉంది. మిషను కుడుతుంది. అందుకే ఊళ్లో అందరూ ఆమెను మిషను వదిన అంటారు. జాకెట్లు, లంగాలు, బడి పిల్లల బట్టలు కుడుతుంది. పొద్దున తొమ్మిదికి మిషను ముందు కూర్చుంటే సందె దీపాలు పెట్టేదాకా లేవదు.

వదినకు నలభై రెండేళ్లు. అయిదేళ్ల నుంచి ఒళ్లు పెరుగుతూ వచ్చింది. మోకాళ్లు నొప్పి పుట్టాయి. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఒకరోజు ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. తూకం చూస్తే 68 కిలోలు. ఎత్తు అయిదు అడుగులు. రక్తం పరీక్ష చేశారు.

"అమ్మా, నీకు షుగరు ఇంకా రాలేదు. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. బరువు తగ్గితే లోపలికి రాకుండా ఆపవచ్చు" అన్నాడు డాక్టరు.

వదినకు భయం పట్టుకుంది. వాళ్ల అమ్మకు షుగరు ఉండేది. కాలికి పుండు పడి మానలేదు. చివరికి ఒక వేలు తీసేశారు. ఆ సంగతి వదిన మరచిపోలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం మానేసింది.

అన్నం మానేస్తే ఏమైంది?

మొదటి రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత సాయంత్రం నాలుగయ్యేసరికి చేతులు వణికేవి. సూదిలో దారం ఎక్కేది కాదు. కళ్లు మసకలు కమ్మేవి. పిల్లవాణ్ణి కొట్టుకు పంపి మిక్చరు పొట్లం తెప్పించుకునేది. టీ తాగుతూ తాగుతూ సగం పొట్లం ఖాళీ చేసేది. ఒక్కోరోజు బండి మీద బజ్జీలు. రాత్రికి ఆకలి ఆగక పళ్లెం నిండా అన్నం.

రెండు నెలలు గడిచాయి. మళ్లీ తూకం చూస్తే 69 కిలోలు!

"కడుపు మాడ్చుకున్నా బరువు పెరిగిందేంటి?" అని వదిన ఏడ్చినంత పని చేసింది.

అప్పుడు పట్నం నుంచి వచ్చిన చుట్టం ఒకామె ఒక డబ్బా చూపించింది. అందులో పొడి. "పాలల్లో కలుపుకుని తాగు. ఆకలి వెయ్యదు. బరువు దానంతట అదే తగ్గుతుంది" అంది. డబ్బా ఖరీదు రెండు వేల పైనే.

వదిన దగ్గర అంత డబ్బు లేదు. పొదుపు సంఘంలో అప్పు అడుగుదామనుకుంది. ఆ అప్పు కూతురి కాలేజీ ఫీజుకని ముందే అనుకున్నది. ఫీజా? డబ్బానా? రాత్రంతా ఆలోచించి, డబ్బా కోసమే అడిగింది.

ఆ రోజు సంఘం మీటింగుకు నర్సమ్మ కూడా వచ్చింది. అంతా విని, వదిన పక్కన కూర్చుంది.

"అక్కా, అప్పు సంగతి తర్వాత చూద్దాం. ముందు నేను చెప్పేది వినండి. మీకు కావలసింది ఆ డబ్బాలో లేదు. మీ వంటింట్లోనే ఉంది" అంది.

నర్సమ్మ ఆ రోజు చెప్పిన మాటలు మనందరికీ పనికొస్తాయి. అవి ఏమిటో చూద్దాం.

మాంసకృత్తులు అంటే ఏమిటి?

మాంసకృత్తులు అనగానే మాంసం అనుకుంటాం. మాంసంలో ఉంటాయి, నిజమే. చేపల్లో, గుడ్డులో, పాలల్లో కూడా ఉంటాయి. పప్పుల్లో, శనగల్లో, పల్లీల్లో కూడా ఉంటాయి. ఇంగ్లీషులో వీటినే ప్రోటీన్లు అంటారు.

మన ఒంట్లో కండ వీటితోనే తయారవుతుంది. జుట్టు, గోళ్లు, రక్తం అన్నిటికీ ఇవి కావాలి. గాయం మానాలన్నా ఇవే కావాలి.

బరువు తగ్గేవాళ్లకు వీటితో ఇంకా రెండు లాభాలు ఉన్నాయి.

ఒకటి. మాంసకృత్తులు ఉన్న తిండి నిదానంగా అరుగుతుంది. కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంటుంది. బిస్కట్టు తింటే గంటకే మళ్లీ ఆకలి. గుగ్గిళ్లు తింటే అంత తొందరగా ఆకలి వెయ్యదు. గుగ్గిళ్లలో పీచు కూడా ఉంటుంది. అది కూడా ఆకలిని ఆపుతుంది.

రెండు. తిండి ఒక్కసారిగా తగ్గించేస్తే ఒంట్లో కొవ్వు ఒక్కటే కరగదు. కండ కూడా కరుగుతుంది. కండ పోతే బలం పోతుంది. నీరసం వస్తుంది. మాంసకృత్తులు తింటూ, నడుస్తూ, పని చేస్తూ బరువు తగ్గితే కండ నిలుస్తుంది. కొవ్వు కరుగుతుంది.

రోజుకు ఎంత కావాలి? హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన దేశంలో ఎవరు ఏం తినాలి, ఎంత తినాలి అని పరిశోధన చేసే సంస్థ అది. 2020లో ఆ సంస్థ ఒక లెక్క చెప్పింది. 55 కిలోల బరువు ఉన్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు కావాలి.

మన పళ్లెంలో అన్నం కొండంత, పప్పు గోరంత. అన్నంలోనూ కొంచెం మాంసకృత్తులు ఉంటాయి. అవి చాలవు. పప్పు పెంచాలి, అన్నం తగ్గించాలి. అన్నంలో తక్కువైన సారం పప్పులో ఉంటుంది. పప్పులో తక్కువైనది అన్నంలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది.

సాయంత్రం చిరుతిండిగా ఏం తినవచ్చు?

ఇవన్నీ మనకు తెలిసినవే. ఊరికొక పేరు. కొందరు గుగ్గిళ్లు అంటే కొందరు గుడాలు అంటారు. కొందరు అలసందలు అంటే కొందరు బొబ్బర్లు అంటారు. కొందరు వేరుశనగలు అంటే కొందరు పల్లీలు అంటారు. పేరు ఏదైనా సారం ఒకటే.

కొలత చూడండి. ఎండు గింజలు ఒక గుప్పెడు అంటే సుమారు 30 గ్రాములు. నానబెట్టి ఉడికిస్తే అవే ఇంచుమించు రెండింతలు అవుతాయి. చారెడు గుగ్గిళ్లు వస్తాయి. ఒక మనిషికి ఒక పూటకు అవి చాలు.

ఇంకొక మాట తెలుసుకోవాలి. కేలరీ అంటే తిండి ఇచ్చే శక్తికి కొలత. దూరానికి కిలోమీటరు ఉన్నట్టు, బరువుకు కిలో ఉన్నట్టు, తిండి శక్తికి కేలరీ. ఒంటికి కావలసిన దాని కన్నా ఎక్కువ కేలరీలు తింటే మిగిలింది కొవ్వుగా మారుతుంది.

ఇవి సుమారు లెక్కలు:

శనగలు, గుప్పెడు: మాంసకృత్తులు 5 నుంచి 6 గ్రాములు. కేలరీలు 100.

పెసలు, గుప్పెడు: మాంసకృత్తులు 6 నుంచి 7 గ్రాములు. కేలరీలు 100.

అలసందలు, గుప్పెడు: మాంసకృత్తులు 6 నుంచి 7 గ్రాములు. కేలరీలు 100.

పుట్నాలు, గుప్పెడు: మాంసకృత్తులు 6 గ్రాములు. కేలరీలు 110.

కోడిగుడ్డు, ఒకటి: మాంసకృత్తులు 6 గ్రాములు. కేలరీలు 70.

పెరుగు, చిన్న కప్పు: మాంసకృత్తులు 3 గ్రాములు. కేలరీలు 60.

పల్లీలు, గుప్పెడు: మాంసకృత్తులు 7 గ్రాములు. కేలరీలు 160.

పల్లీల దగ్గర ఆగండి. మాంసకృత్తులు బాగా ఉన్నాయి. కానీ కేలరీలు కూడా ఎక్కువే. పల్లీల్లో నూనె ఉంటుంది కదా! కాబట్టి పల్లీలు తినవచ్చు. గుప్పెడు తిని లేవాలి. సంచి ముందు పెట్టుకుని కబుర్లు చెబుతూ తింటే లెక్క తప్పుతుంది. బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి పారెయ్యాలి. వాటిలో విషం ఉండవచ్చు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. నాలుగు చిన్న తీపి బిస్కట్లలో సుమారు 100 కేలరీలు ఉంటాయి. శనగల్లోనూ అన్నే. కానీ ఆ బిస్కట్లలో మాంసకృత్తులు 2 గ్రాములు కూడా ఉండవు.

పకోడీ కూడా శనగపిండే కదా!

నర్సమ్మ ఈ మాటలు చెబుతుంటే ఒక అక్క లేచి అడిగింది.

"నర్సమ్మా, బజ్జీలు, పకోడీలు, మిక్చరు కూడా శనగపిండితోనే చేస్తారు కదా! అవి ఎందుకు తినకూడదు?"

మంచి ప్రశ్న. శనగపిండి మంచిదే. అది నూనెలో మునిగి లేచింది. లేచేటప్పుడు నూనె తాగి లేచింది. ఒక గ్రాము మాంసకృత్తుల్లో 4 కేలరీలు ఉంటాయి. ఒక గ్రాము నూనెలో 9 కేలరీలు ఉంటాయి. రెండింతలకు పైనే. అందుకే 50 గ్రాముల మిక్చరులో సుమారు 250 కేలరీలు ఉంటాయి. ఉప్పు కూడా ఎక్కువ.

పండగనాడు రెండు తింటే కొంప మునగదు. రోజూ తింటేనే చేటు.

పల్లీ చిక్కీ, పుట్నాల లడ్డు కూడా అంతే. పల్లీలు మంచివే, పుట్నాలు మంచివే. బెల్లం పాకంలో పడ్డాక లెక్క మారిపోతుంది. బెల్లం మంచిదని ఎంత పడితే అంత తినకూడదు. బరువు విషయంలో బెల్లం కూడా చక్కెర లాంటిదే.

వదిన లెక్క

నర్సమ్మ పలక మీద వదిన లెక్క రాసింది.

వదిన సాయంత్రం తినే మిక్చరు 50 గ్రాములు: 250 కేలరీలు.

దాని బదులు శనగ గుగ్గిళ్లు: 100 కేలరీలు. పోపుకు ఒక చిన్న చెంచా నూనె: 45 కేలరీలు. మొత్తం 145.

తగ్గింది: 105 కేలరీలు.

వదిన రోజుకు మూడు టీలు తాగుతుంది. ఒక్కో టీలో రెండు చెంచాల చక్కెర. ఒక చెంచాలో 20 కేలరీలు. టీకి ఒక చెంచా తగ్గిస్తే మూడు టీలకు 60 కేలరీలు తగ్గుతాయి.

మొత్తం తగ్గింది: 165 కేలరీలు. ఆకలితో మాడకుండానే తగ్గింది!

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. గుగ్గిళ్లు మిక్చరు బదులు తినాలి. మిక్చరు తిని, దాని మీద గుగ్గిళ్లు కూడా తింటే బరువు తగ్గదు, పెరుగుతుంది. మంచి తిండి అయినా కేలరీలు కేలరీలే.

మధ్యాహ్నం అన్నం మానవద్దు అని కూడా నర్సమ్మ చెప్పింది. కొంచెం అన్నం, గట్టి పప్పు, ఎక్కువ కూర, మజ్జిగ. అలా తింటే సాయంత్రం చేతులు వణకవు. బజ్జీల బండి వైపు కాళ్లు లాగవు.

డబ్బా మీద ఏం రాసి ఉంది?

సంఘంలో ఒక అక్క ఉంది. అక్షరాస్యత కేంద్రంలో చదువు నేర్చుకుంది. లెక్కలు బాగా చేస్తుంది. ఆమె ఆ డబ్బా తెప్పించింది. "చదివి చూద్దాం" అంది.

డబ్బాల మీద, పొట్లాల మీద రాత ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. అంకెలు మాత్రం మనకు వచ్చినవే. అక్షరాలు రాకపోతే బడికి పోయే పిల్లలను పిలిచి చదివించుకోవచ్చు. వదిన కూతురు చదివింది. అక్క లెక్క కట్టింది.

డబ్బా బరువు 400 గ్రాములు. రోజుకు 30 గ్రాములు కలుపుకోవాలట. అంటే 13 రోజులకు డబ్బా ఖాళీ.

100 గ్రాముల పొడిలో మాంసకృత్తులు 34 గ్రాములు. అంటే రోజు వాడే 30 గ్రాముల్లో 10 గ్రాములు. రెండు గుడ్లు తింటే 12 గ్రాములు వస్తాయి.

తర్వాత పొడిలో ఏమేం కలిపారో ఆ వరుస చదివింది. పొట్లం మీద పదార్థాల పేర్లు వరుసగా రాస్తారు. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు ఉండాలి. అది నియమం. ఆ డబ్బా మీద రెండో పేరు చక్కెర!

"బరువు తగ్గడానికి రెండు వేలు పోసి చక్కెర కొనుక్కుంటామా?" అంది అక్క. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది.

కిలో శనగలు కొంటే ఎన్ని గుప్పెళ్లు వస్తాయి? 1000 గ్రాములను 30తో భాగించండి. 33 వస్తాయి. అంటే ఒక మనిషికి నెల దాటి వస్తాయి.

డబ్బాలన్నీ చెడ్డవని కాదు. జబ్బు పడి తినలేనివాళ్లకు డాక్టరు రాసి ఇస్తే వాడాలి. మనంతట మనం కొనుక్కుని తాగకూడదు. కండ పెంచుకోవడానికి ఇలాంటి పొడులు వాడవద్దని 2024లో జాతీయ పోషకాహార సంస్థ కూడా చెప్పింది. మాంసకృత్తులు మామూలు తిండి నుంచే తెచ్చుకోండి అంది.

గుగ్గిళ్లు చేసే పద్ధతి

రాత్రి పడుకునే ముందు శనగలు కడిగి నానబెట్టండి. పొద్దున నీళ్లు మార్చి, చిటికెడు ఉప్పు వేసి మెత్తగా ఉడికించండి. ఒక చిన్న చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు వేసి పోపు పెట్టండి. ఉల్లిపాయ ముక్కలు చల్లండి. తినే ముందు నిమ్మకాయ పిండండి. నిమ్మరసం వల్ల శనగల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం వెంటనే తాగవద్దు. టీ ఇనుమును పట్టనివ్వదు. గంట ఆగి తాగండి.

నూనె గరిటెతో పొయ్యవద్దు. చెంచాతో కొలిచి పొయ్యండి. కొబ్బరి కోరు కూడా తక్కువ వెయ్యండి.

పెసలు మొలకెత్తించి కూడా తినవచ్చు. శుభ్రమైన నీళ్లతో కడగాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు మొలకలను ఉడికించి తినడం మంచిది.

శ్రావణ మాసంలో పేరంటాలకు వెళ్తే వాయనంలో నానిన శనగలు ఇస్తారు. ఇంటి నిండా శనగలే. ఏం చెయ్యాలో తెలియక కొందరు పారేస్తారు. కొందరు నూనెలో వేయిస్తారు. ఈసారి గుగ్గిళ్లు చెయ్యండి.

బరువు ఎవరు తగ్గాలి?

అందరూ తగ్గనక్కర లేదు. నడుము కొలత చూసుకోండి. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే 35న్నర అంగుళాలు దాటకూడదు. దాటితే షుగరు, గుండె జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఊరందరి కొలతలు తీసే వదిన ఆ రోజు మొదటిసారి ఆ టేపు తన నడుముకు పెట్టుకుంది. 37 అంగుళాలు!

జాగ్రత్తలు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గాలని తిండి తగ్గించకూడదు.

షుగరు మందులు వాడేవాళ్లు పూట తిండి మానకూడదు. ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోయి సొమ్మసిల్లవచ్చు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు.

ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషపడవద్దు. వెంటనే పరీక్ష చేయించుకోండి. క్షయ, షుగరు లాంటి జబ్బు ఉండవచ్చు.

తొందర పడవద్దు. వారానికి అర కిలోకు మించి తగ్గాలని చూడవద్దు. "నెలలో పది కిలోలు" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

తిండి ఒక్కటే చాలదు. కాళ్లూ కదలాలి. రోజూ అరగంట చురుగ్గా నడవాలి.

నాలుగు నెలల తర్వాత

వదిన డబ్బా కొనలేదు. అప్పు తీసుకుంది. కూతురి కాలేజీ ఫీజు కట్టింది.

ఇప్పుడు సాయంత్రం నాలుగయితే మిషను ఆపుతుంది. ఒకరోజు శనగలు, ఒకరోజు అలసందలు, ఒకరోజు గుడ్డు. తీరిక లేని రోజు గుప్పెడు పుట్నాలు. తిన్నాక చెరువు గట్టు దాకా నడిచి వస్తుంది. ఆదివారం నాడు ఒకటి రెండు బజ్జీలు తింటుంది. దాచిపెట్టదు.

నాలుగు నెలలకు తూకం 65 కిలోలు. నడుము 35 అంగుళాలు. ఇంకా తగ్గాలి. మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు. కానీ సాయంత్రం చేతులు వణకడం లేదు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతోంది.

మొన్న డాక్టరు మళ్లీ రక్తం పరీక్ష చేశాడు. "షుగరు గుమ్మం నుంచి ఒక అడుగు వెనక్కి వేసిందమ్మా" అన్నాడు.

"ఇంకా తరుముతాను లెండి" అంది వదిన.

ఆలోచించండి, చెప్పండి

1. మధ్యాహ్నం అన్నం మానేసినా వదిన బరువు ఎందుకు పెరిగింది?

2. మీ ఇంట్లో సాయంత్రం ఏం తింటారు? వారం రోజులు రాసి చూడండి. అందులో నూనెలో వేయించినవి ఎన్ని? తీపివి ఎన్ని?

3. మీ ఊరి కొట్లో కిలో శనగలు ఎంత? దానిని 33తో భాగించండి. ఒక గుప్పెడు ఖరీదు తెలుస్తుంది. ఒక మిక్చరు పొట్లం ఖరీదుతో పోల్చండి.

4. ఇంట్లో ఉన్న ఒక బిస్కట్ల పొట్లం తీయండి. వెనక రాసిన పదార్థాల్లో మొదటి మూడు పేర్లు చదవండి, లేదా చదివించుకోండి. చక్కెర ఎన్నో పేరు?